బస్సున్న ఊరు

మెట్‌పల్లి పాత బస్టాండు ఎదురుంగ
జిరాక్సు, పాస్‌పోర్టు ఫోటోలు, విమానం టికెట్లు
అన్నీ ఒకే బల్ల మీద నడిపే దుకాణం నాది.
రోజుకు పదిమందన్న అడుగుతరు, ఎంత దూరమని.
నేను గంటలు చెప్త. కిలోమీటర్లు ఎవరికి గావాలె?
హైదరాబాదుకు బస్సుల ఐదు గంటలు,
ఆడికెల్లి దుబాయికి విమానంల నాలుగు.
ఇనంగనే నవ్వుతరు అందరు,
దగ్గరిదే దూరమున్నదని.

లస్మవ్వ నవ్వలేదు.
వేళ్ల సందుల తంబాకు వాసనతోని వచ్చి
వేరే లెక్క అడిగింది:
"దుబాయికి మస్కట్టుకు నడుమ ఎంతుంటది?"

నా దుకాణంల ఎవరూ అడగని దూరం.
ఇక్కడ మొదలుగాదు, ఇక్కడికి చేరదు.
కంప్యూటర్ల చూసి చెప్పిన:
మూడు వందల నలభై కిలోమీటర్లు, కొంచెం అటిటు.
విమానంల గంటా పది నిమిషాలు.

ఆమె పెదవులు కదిలినయి.
"గంతట్ల నేను వంద బీడీలు జేస్త."

తమ్ముళ్లు ఇద్దరు.
లింబాద్రి దుబాయిల కమ్మీలు వంచుతడు.
భూమేశం మస్కట్‌ల నీళ్ల ట్యాంకరు నడుపుతడు.
పసుపు చేన్ల గెట్టు మూరెడు జరిగిందని
ఐదేండ్ల కింద మాట బందయింది.
ఎవలు జరిపిన్రో
ఆ ఏడు కొట్టిన వానకే ఎరుక.
తల్లి సచ్చిపోతే ఒకడు మూడొద్దులకొచ్చిండు,
ఒకడు పదకొండుకు.
ఆ టికెట్లు జేసింది నేనే, ఇప్పుడు యాదికొచ్చింది.
ఒకడు పోయే విమానం, ఒకడొచ్చే విమానం
మబ్బుల్ల ఎదురుపడే ఉంటయి.

రెండు ఊర్లల్ల టైము ఒకటేనా అని అడిగింది.
ఒకటే, అన్న. మనకన్న గంటన్నర ఎన్క.
"అంటే ఒక్కపారే లేస్తరు.
ఒక్కపారే అన్నం తింటరు."
ఆ మాట నాతోని గాదు,
బల్ల మీది అద్దంతోని అన్నది.

రాఖీ పున్నమి ఇంక ఇరవై దినాలు.
కొంగు ముడి ఇప్పి రెండు రాఖీలు తీసింది.
ఒకటి ఎర్ర దూది పువ్వు, ఒకటి ఉత్త పసుపు దారం.
రెండూ ఒక్క కవర్ల పెట్టుమన్నది.
లింబాద్రి అడ్రసొక్కటే రాయమన్నది.
"మరి చిన్నోనిది?"
"వాడే పోయి కట్టాలె."

అవ్వా, టికెటు పిరమైతది, సెలవు దొరకదని
అలవాటు ప్రకారం భయపెట్టిన.
మల్ల ఊకోలేక అన్న:
బస్సు గూడ ఉంటది. ఆరు గంటలు.
నడుమ కొండలు, ఒక చౌకీ, కాగితం మీద ముద్ర.

"బస్సా?"
గప్పుడు నవ్వింది.
అప్పటిదాంక ఆకాశంల ఉన్న రెండు ఊర్లు
దిగొచ్చి కోరుట్ల రోడ్డు మీద నిలబడ్డట్టు.
"బస్సున్న ఊరు దూరమెట్లయితది బిడ్డా!"

పున్నమి దాటినంక ఫోను పట్టుకొని వచ్చింది.
తెర మీద ఒక చెయ్యి, కమ్మీ గీరిన గీతలు.
మణికట్టుకు ఎర్ర పువ్వు,
దాని పక్కనే పసుపు దారం.
రెండూ ఒక్కడే కట్టుకున్నడు.

నేనేమనాలె. స్టాప్లరు పిన్నులు సర్దుకుంట కూసున్న.
ఆమె ఫోటోను రెండు వేళ్లతోని పెద్దగ జేసింది.
"సరిగ సూడు. పసుపుది ముడెయ్యలే.
ఉత్తగ సుట్టిండు."

ఆ బస్సు ఎన్నింటికి ఎల్తదని అడిగింది.
పొద్దున ఏడున్నర అని బిల్లు ఎన్క రాసిచ్చిన.
గంటన్నర వేళ్ల మీద కలుపుకున్నది.

మా ఇంటికి పోయే సందులనే వాళ్ల అరుగు.
తొమ్మిదైతే కత్తెర ఆగుతది.
ఒళ్లెకెల్లి చాట దించి, తలెత్తి
"ఎల్లింది" అంటది.
ఏందని పక్కామె అడుగుతే చెప్పది.
ఇంకో తునికాకు తీసుకుంటది.